అమ్మకొక్కదానికే కనబడాలె

జహీరాబాద్ మెయిన్ రోడ్డు మీద ఒక సెల్ షాపుల నేను ఆరేండ్ల సంది పనిచేస్తున్న. రీచార్జులు, స్క్రీన్ గార్డులు, కొత్త సిమ్ములు అన్నీ ఉంటయి గని, నాకోసమని వచ్చేటోళ్ళు ఎక్కువ ఆడపిల్లలే. డిగ్రీ కాలేజీ పిల్లలు, ఫ్యాక్టరీ క్యాంటీన్ల చేసేటోళ్ళు, కోహీర్ కెల్లి మిషన్ కుట్టు నేర్సుకునేటందుకు వచ్చేటోళ్ళు. మెల్లగ వచ్చి, కౌంటర్ మీదికి వంగి, "అక్కా, జర నా ప్రొఫైల్‌కు తాళమెయ్యవా" అంటరు. వేస్త. నీ ఫొటో ఎవరు చూడొచ్చు, ఎవరు చూడొద్దు, దాని కింద ఎవడు కూతలు కూయొచ్చు, నంబరు కొడితె నువ్వు దొరకాల్నా వద్దా, అన్నీ అడుగుకుంట ఒక్కొక్కటి నొక్కుత. నేనేసిన తాళం ఇప్పటిదాంక ఒక్కటి గూడ పగల్లే. ఆ మాట షాపుకొచ్చిన అందరికి చెప్పుకునేదాన్ని. పొగరనుకో, ఏమన్ననుకో.

తిట్టుడు గూడ తిట్టేదాన్ని. ఈ పిల్లలు ఏం రాసుందో సదువరు, కింద 'ఒప్పుకుంటున్న' అని కనబడ్డదంటె చాలు, వేలు ఆగదు. "ఓ పిల్లా, ఏం అడుగుతుండో చూడకుంటనే ఒప్పుకుంటవా? రేపు పెండ్లిచూపుల్ల గూడ గిట్లనే తలూపుతవా?" అంటె కిలకిల నవ్వేటోళ్ళు. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. నవ్వితె ఇంకింత తిట్టేదాన్ని.

అసొంటిదాన్ని, నా సొంత తాళం కాడ ఏం చేసిన్నో చెప్త.

మా ఊరు మొగుడంపల్లి దిక్కు. చెరుకు, అల్లం, కందులు ఏస్తరు. బాపును ఊర్ల పటేలా అని పిలుస్తరు, ఆయన ముందల కుర్చీల కూసునేటోళ్ళు తక్కువ. అమ్మ పుట్టిల్లు న్యాల్‌కల్ అవతల, కర్ణాటక బార్డర్‌ల ఉంటది. కన్నడల లెక్కవెడ్తది, తెలుగుల తిడ్తది. సదువు రాదు. చిన్నప్పుడు నా నోటి దురుసుకు ఎన్నిమార్ల చెప్పిందో, "కాలు జారితె తీస్కోవచ్చు బిడ్డా, నోరు జారితె తీస్కోలేం" అని. నేనెప్పుడు చెవిన పెట్టలే.

మా ఇంట్ల నాలుగు సిమ్ములు ఉండె. నాలుగూ బాపు పేరు మీదనే. ఆధార్ ఆయనదే, ఏలిముద్ర ఆయనదే. మా దిక్కు చానా ఇండ్లల్ల గంతే. ఆడోళ్ళ పేరు మీద సిమ్ము అంటె, "నీకెందుకే, నువ్వేమన్న కంపెనీ నడిపిస్తున్నవా" అని నవ్వుతరు. అట్లాంటి ఒక సిమ్మేసి, నా పాత ఫోన్ అమ్మకు ఇచ్చిన. అందరు ఫొటోలు పెట్టుకునే ఆ యాప్‌ల ఆమెకొక అకౌంటు గూడ చేసిన. ప్రొఫైల్‌కు ఏం ఫొటో పెట్టాలె అంటె, సిగ్గువడి, "నా మొకం ఎందుకే, మన బర్రెది పెట్టు" అన్నది. పెట్టిన. అక్షరాలు రావు గని బొమ్మలు మంచిగ నేర్సింది. దిల్ బొమ్మ నొక్కుతె ఇష్టమైనట్టు, బొటనవేలు నొక్కుతె సరే అన్నట్టు. పాలు పిండి వచ్చినంక గడప మీద కూసొని, అద్దాలు ముక్కు మీదికి జారంగ, వేలుతోని పైకి తోసుకుంట చూసేది.

తర్వాత నా పెండ్లి. ఆయన కోస్తా దిక్కోడు, ఇక్కడి బండ్ల ఫ్యాక్టరీల ఇంజనీరు. పగిలిన స్క్రీన్ మార్పిచ్చుకునేటందుకు షాపుకొచ్చిండు, మల్ల మల్ల వచ్చిండు. కులం వేరు, యాస వేరు. ఇంట్ల చెప్పిన. బాపు కొట్టలే, తిట్టలే. "చేసుకుంటె చేసుకో. ఆ రోజుతోని నువ్వు సచ్చినట్టు" అన్నడు. కోపంల అందరు అనే మాటే అనుకున్న. అమ్మ చీర ఒకటి సంచిల పెట్టుకొని వచ్చి, రిజిస్టర్ పెండ్లి చేసుకున్న. జహీరాబాద్‌లనే ఇల్లు కిరాయికి తీస్కున్నం.

ఊరోళ్ళు ఊకుంటరా? ఫొటోల కింద బూతులు మొదలువెట్టిన్రు. మావోళ్ళు అనేటోళ్ళందర్ని ఒక్కొక్కన్ని పట్టి బ్లాక్ చేసిన. చిన్నాయిన కొడుకులు, మేనత్తలు, బాపు, ఊరి గ్రూపు, అందర్ని. పాత ఫొటోలన్నిటికి తాళమేసిన. ఒక్క బర్రె బొమ్మను మాత్రం ఉంచిన. 'ఎవరు చూడొచ్చు?' అని అడిగిన కాడ, ఆ ఒక్క పేరు మీద టిక్కు పెట్టిన.

నాకు కావల్సింది గదే. ఆస్తి అడుగలే, ఆశీర్వాదం అడుగలే. అమ్మ నన్ను దినాం ఒకసారి చూడాలె, గంతే.

ఫోన్ చేస్తె అమ్మ నంబరు కలువలే. నా నంబరు ఆ ఫోన్ల బ్లాక్ చేపిచ్చిండు బాపు అనుకున్న. యాప్ సంగతి ఆయనకేం ఎర్క అనుకున్న. పొద్దుగాల షాపుకు పోయేముందు ఒక స్టోరీ పెట్టేదాన్ని. మేము కిరాయికున్న ఇంటి వాకిలి, నేనేసిన ముగ్గు, మాడిన పప్పు, కొత్త చెప్పులు. పెట్టిన అర్ధగంటకు తెరిచి చూసేదాన్ని. కింద కన్ను బొమ్మ, దాని పక్కకు ఒకటి. ఒక్కరు చూసిన్రు. ఆ ఒకటి చూసినంకనే నాకు చాయ గొంతుల దిగేది. మా ఆయన నవ్వేటోడు, "మీ అమ్మగారు అటెండెన్సు వేశారా?" అని.

ఎనిమిది నెలలు ఒక్కరోజు తప్పలే. కొన్నిసార్ల దిల్ బొమ్మ వచ్చేది. జరమొచ్చిన దినం మంచంల పండుకొని దిగిన ఫొటో పెడితె, ఏం రాలే. అమ్మ భయపడ్డదనుకొని మల్ల తెల్లారి నవ్వుకుంట ఒకటి పెట్టిన. ఒకనాడు మనసాగక రాసిన. అమ్మకు సదువు రాదు, పక్కింటి పిల్లతోని సదివిచ్చుకుంటదిలే అని రాసిన. "అమ్మా, బాపు చానా యాదికొస్తుండు. ఆయన షాపు ముందలకెల్లి బండి మీద పోతె పిల్వాల్నని నోటిదాంక వస్తది. ఆయన కోపం తగ్గిందా?" అని. సాయంత్రానికి బొటనవేలు వచ్చింది. తగ్గింది అన్నట్టే గద! ఆ దినం షాపుల ఎవ్వర్ని తిట్టలే నేను.

మిరుగం కార్తె దాటి వానలు పట్టినయి. అప్పుడొచ్చింది మెసేజి, బర్రె బొమ్మ అకౌంటు కెల్లి. మొదటిసారి అక్షరాలు. "మంచి ఫోటో ఒకటి పెట్టు బిడ్డ. ఒక్కదానివే. మొకం మంచిగ కనబడాలె."

నా సంబురం చెప్తె నవ్వుతరు. పక్కింటి పిల్లతోని రాపిచ్చింది, ఇంట్ల బాపు మెత్తవడ్డడు, ఫొటో చూపెడ్తదేమో అనుకున్న. సంచిల తెచ్చుకున్న అమ్మ చీర తీసిన. పచ్చ చీర, ఎర్ర అంచు. ఇస్త్రీ చేపిచ్చిన. మల్లెపూలు పెట్టుకున్న, బొట్టు అమ్మ పెట్టుకున్నంత పెద్దగ పెట్టుకున్న. ఫోన్ల దిగితె మంచిగుండదని మా షాపు పక్క స్టూడియోల దిగిన. ఫొటోగ్రాఫరు, "మేడం, జర తల పైకి, జర నవ్వున్రి" అంటుంటె, అమ్మ యాదికొచ్చి నవ్విన. నా పుట్టుకల అంత మంచి ఫొటో లేదు. పెట్టిన. ఎవరు చూడొచ్చు? ఒక్కరు. నిమిషంల కన్ను పక్కకు ఒకటి వచ్చింది. దిల్ వచ్చింది.

నాలుగో దినం పొద్దుగాల మా ఆయన డ్యూటీకి పోయేటోడు దారిల ఆగి ఫోన్ చేసిండు. "నువ్వివాళ బస్టాండు వైపు రాకు" అన్నడు. ఎందుకంటె చెప్పడు. వద్దన్న పని చెయ్యకుంట నేనెప్పుడున్న? ఆటో ఎక్కి పోయిన.

బస్టాండు చౌరస్తల కరెంటు స్తంభానికి, యాపచెట్టుకు నడుమ కట్టిన్రు. మనిషెత్తు ఫ్లెక్సీ. పచ్చ చీర, ఎర్ర అంచు, మల్లెపూలు, నా నవ్వు. మీద 'కన్నీటి శ్రద్ధాంజలి' అని రాసుంది. కింద నా పేరు, పుట్టిన తారీఖు, సచ్చిన తారీఖు. సచ్చిన తారీఖంటె మా పెండ్లి రోజు. 'అకాల మరణం చెందిన మా ఆడబిడ్డ ఆత్మకు శాంతి కలగాలని' అని రాపిచ్చి, అడుగున కులపెద్దల మొకాలు గుండ్రాల్ల వరుసగ పెట్టిన్రు. మా దిక్కు బర్త్‌డే ఫ్లెక్సీ అయినా, చావు ఫ్లెక్సీ అయినా, ఆ గుండ్రాలు లేకుంట కట్టరు. అందర్ల పెద్దగ నడుమ గుండ్రంల మా బాపు. మీసం దువ్వుకొని దిగిన ఫొటో.

ఆటో డ్రైవర్ దాన్ని చూసిండు, అద్దంల నన్ను చూసిండు. "మీ అక్కనా అమ్మా? పాపం, అచ్చం మీ తీర్గనే ఉన్నది" అన్నడు.

"అక్క కాదు, నేనే" అన్న.

నవ్విండు. మల్లొకసారి మీదికి చూసిండు. కిరాయి తీస్కోకుంటనే బండి తిప్పుకొని పోయిండు.

నేను ఆ స్తంభం కింద నిలవడ్డ. జామకాయలమ్మే ముసలామె నన్ను చూసి చేతుల కాయ కింద పడేసింది. మా షాపుకు రోజు వచ్చే ఇద్దరు పిల్లలు నా దిక్కు వచ్చి, నాలుగడుగుల దూరంల ఆగిపోయిన్రు. బతికున్న మనిషిని ఏమని ఓదార్చాలె? వాళ్ళకు తెల్వలే. నాకు సిగ్గు కాలే, ఏడ్పు రాలే. ఒక్కటే మాట తలకాయల తిరిగింది. ఈ ఫొటో చూసింది లోకంల ఒక్కరు. అమ్మ.

అమ్మనే ఇచ్చింది. ఇంకెవలు? నా తాళం పగల్లే కదా, నా తాళాలు పగులయి కదా! తలుపు నేను అమ్మకే తీసిన, అమ్మనే లోపటికి చెయ్యి పెట్టి తీస్కపోయి బాపు చేతుల పెట్టింది. చీర గూడ ఆమెదే. ఫొటో దిగుమని అడిగి మరీ తీస్కున్నది.

ఫ్లెక్సీ షాపాయన దగ్గరికి పోయి విప్పుమన్న. "కట్టిచ్చినోళ్ళు చెప్తె విప్పుత మేడం. నాకు ఫొటో ఇచ్చిన్రు, గుద్దిన" అన్నడు. "సచ్చిందా లేదా అడుగవా?" అన్న. "చావు ఇంటోళ్ళను గా మాట ఎట్లడుగుత?" అన్నడు. ఆయన తప్పేం లేదు. మా ఆయన రాత్రి డ్యూటీ మార్పిచ్చుకొని వారం దినాలు నా పక్కన్నే కూసున్నడు. "చింపేసి వస్తా" అని ఒక్కనాడు లేసిండు గూడ. చింపకు అన్న. పదకొండు దినాలు ఉండనియ్యి, కర్మ పూర్తి కానియ్యి, మా అమ్మ కండ్లు సల్లవడనియ్యి అన్న.

అన్ని దినాలు స్టోరీలు పెడ్తనే ఉన్న. ఫొటోలు కాదు, తిట్లు. "నన్ను కన్నది నువ్వేనా? పాము గూడ తన గుడ్లను ఆకలికే తింటది, నువ్వు పరువుకు తిన్నవ్" అని రాసిన. ఇంకా రాసిన, అవి ఇక్కడ చెప్పను. కన్ను పక్కకు దినాం ఒకటి వచ్చేది. చూసింది, సదివిచ్చుకున్నది, సిగ్గు లేదు అనుకునేదాన్ని. పన్నెండో దినం పోయి చూస్తె చౌరస్తల ఫ్లెక్సీ లేదు. తాళ్ళ ముక్కలు మాత్రం స్తంభానికి ఉండె.

అమ్మకు షుగరుంది. నెలకొకసారి గోలీలకు జహీరాబాద్ దవాఖానకు వస్తదని నాకెర్క. బాపు బండి మీద తెస్తడు, గేటు కాడనే కూసుంటడు. అందుకే ఎనిమిది నెలలు నేను ఆ దిక్కు పోలే. ఇప్పుడు నాకేం భయం? సచ్చినదాన్నే కద! పోయిన. ఆ రోజు బాపు ఆమెను దింపి, యూరియా కోసమని పోయినట్టున్నడు, గేటు కాడ లేడు. అమ్మ రకతం పరీక్షకు ఇచ్చి, మోచేతుల దూది పెట్టుకొని బల్ల మీద కూసున్నది. సగమైంది మనిషి.

నన్ను చూడంగనే లేసింది. లేసి, దూది పడిపోయింది గూడ చూసుకోలే, రెండు చేతులతోని నా మొకం పట్టుకున్నది. "వచ్చినవా బిడ్డా" అన్నది.

నేను ఆ చేతులు తీసి పారేసిన. "సిగ్గులేదా అమ్మా నీకు? నీ ఒక్కదానికే పెట్టిన ఫొటో ఎట్లిచ్చినవ్? అడిగి మరీ దిగిపిచ్చుకున్నవ్ గదా నాతోని!" అని మొత్తుకున్న. లైన్ల ఉన్నోళ్ళందరు మళ్ళి చూసిన్రు.

"ఏం ఫొటో? నేనేం అడిగిన?" అన్నది.

"ఫోన్ల. నీ బర్రె అకౌంట్ల."

అమ్మ నా దిక్కు అట్లనే చూసింది. "నువ్వు పోయిన తెల్లారే మీ బాపు ఫోన్ గుంజుకున్నడు కద బిడ్డా. ఎనిమిది నెలలాయె, నేను దాన్ని ముట్టలే. పొద్దుగాల చాయ తాగుకుంట ఆయననే చూసుకుంటడు."

నేను ఆ బల్ల మీదనే కూలవడ్డ. ఎంత తెలివిగలదాన్ని! ఊరందరి నుంచి దాసి దాసి, ఎవల నుంచి దాయాల్నో ఆయన చేతులనే పెట్టిన. ఎవరు చూడొచ్చు అని అడిగిన కాడ పేరు అమ్మది, బర్రె అమ్మది. సిమ్ము బాపుది, ఫోన్ పట్టుకున్న చెయ్యి బాపుది. దొంగ చేతికి తాళాలిచ్చుడంటె ఇదే. నా ముగ్గులు ఆయన చూసిండు. జరమొచ్చిన ఫొటో ఆయన చూసిండు. బాపు యాదికొస్తుండు అని రాస్తె, ఆయన సదివి, బొటనవేలు నొక్కిండు. సదివినంకనే ఫొటో అడిగిండు. నా చావు ఫొటోకు నేనే పూలు పెట్టుకొని, నవ్వుకుంట, ఒప్పుకొని దిగిన. ఎవడు బలవంతం పెట్టలే.

అమ్మ నా పక్కకు కూసున్నది. నెత్తి నిమురుకుంట, గొంతు తగ్గిచ్చి చెప్పింది. "నాకు చౌరస్తల చూపెట్టిండు, బండి ఆపి. చూస్కో, నీ బిడ్డ పోయింది అన్నడు. ఒక్క గడియ నిజమే అనుకున్న. తర్వాత పక్కన బట్టల దుకాణమామె చెప్పింది, ఉన్నదమ్మా, పొద్దుగాలనే ఈడ నిలవడ్డదని. ఇగ నేను మల్ల చూసిన ఆ ఫొటోను. ఎంత మంచిగున్నవ్ బిడ్డా! నా చీరల ఎంత ముద్దుగున్నవ్!"

తర్వాత ఇటు చూసింది, అటు చూసింది. చెవి దగ్గరికి వచ్చింది.

"పదకొండు దినాలైనంక విప్పి తెచ్చిండు. బర్రెల కొట్టం కారుతుంది, పారేసుడెందుకు, మీదికి కప్పుదాం అన్న. సరే అన్నడు. నేనే ఎక్కి కప్పిన. బొమ్మ లోపటి దిక్కు పెట్టిన బిడ్డా. మీదికెల్లి చూసినోళ్ళకు తెల్లగ కనబడ్తది. పొద్దుగాల, పొద్దుమీకి పాలు పిండుకుంట తల ఎత్తితె నువ్వే. నాకొక్కదానికే కనబడ్తవ్. ఆయన కొట్టంల అడుగువెట్టడు కద, పేడ వాసన అంటడు."



"ఎవ్వలికి చెప్పకు" అన్నది. నా చెయ్యి ఒత్తింది. "అల్లునికి గూడ చెప్పకు. మీ బాపు తెల్లబట్టల పెద్దమనిషి, ఆయనకు తెలిస్తె ఊకోడు." అంతల గేటు కాడ బండి చప్పుడైంది. అమ్మ దూది తీసి మోచేతికి పెట్టుకొని, నేనెవలో ఎర్క లేనట్టు లేసి పోయింది.

ఇంటికొచ్చిన. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఉండె. ఫోన్ ఎవరి చేతులున్నదో చెప్పిన, మిగిలింది చెప్పలే.  "ఆ అకౌంటు కూడా బ్లాక్ చేసెయ్. అయిపోయింది. కోపంలో ఇంకేం పెట్టకు, నా మాట విను" అన్నడు. పెద్దమనిషి మాట. నేను సరే అన్న. ఆయన స్నానానికి పోయిండు.

ఫోన్ తీసిన. బర్రె బొమ్మ మీద వేలు పెట్టిన. బ్లాక్ అని ఒక్కటి నొక్కితె ఐపోయేది. కాని నా కడుపు మండుతుంది. ఎనిమిది నెలలు నన్ను చూసి, చాయ తాగుకుంట చూసి, నన్ను సంపి చౌరస్తకు కట్టిన మనిషి. గెలిచిన్ననుకుంటుండు. నేనెందుకు ఊకోవాలె? ఈ ఒక్కసారి ఆయనను గెలిచి, తర్వాత బ్లాక్ చేస్త అనుకున్న. రాసిన.

"బాపూ, చూస్తున్నది నువ్వేనని తెలిసింది. నీ ఇంట్ల అందరి ఫోన్లు గుంజుకో, అందరి సిమ్ములు నీ పేరు మీద రాపిచ్చుకో. నన్ను సంపిన్ననుకున్నవ్. నీ ఇంట్లనే ఉన్న నేను, నవ్వుకుంట. అమ్మ నన్ను రోజుకు రెండు పూటలు చూస్తుంది, నీకు తెల్వకుంట. పేడ వాసనని ముక్కు మూసుకుంటవ్ కద, ఒక్కసారి కొట్టంల తల ఎత్తి చూడు."

ఎవరు చూడొచ్చు? ఒక్కరు. పెట్టు అని నొక్కిన. నీళ్ళ చప్పుడు ఆగకముందే కన్ను పక్కకు ఒకటి వచ్చింది. అబ్బ, నా ఛాతి సల్లవడ్డది! పొయ్యి మీద అన్నం పెట్టి, పాట వాడుకుంట ఉల్లిగడ్డలు తరిగిన. మా ఆయన వచ్చి, "ఏంటి, హుషారు?" అన్నడు. ఏం లేదు అన్న. బ్లాక్ చెయ్యలే. బాపు ఏమంటడో చూడాల్నని ఉండె.

తెల్లారి షాపుకు పోయేటందుకు చెప్పులేసుకుంటుంటె ఫోన్ మోగింది. ఒక ఫొటో పంపిండు. మా బర్రెల కొట్టం. మీద ఏం లేదు, వాసాలు, వాటి నడుమ మబ్బు. పక్కన పెంటకుప్ప మీద నల్లగ కాలి ముద్దైన ఫ్లెక్సీ, అంచు కాడ జర పచ్చ రంగు మిగిలింది. బర్రె దగ్గర అమ్మ నిలవడి ఉన్నది. చేతుల పాల చెంబు. నెత్తి మీద వాన పడుతున్నట్టున్నది, జుట్టు మొకానికి అతుక్కున్నది. ఆమెను అట్ల నిలవెట్టి ఫొటో తీసిండు.

దాని కింద ఒక్క మాట రాసిండు. "ఇప్పుడు కనబడవు."

నేను ఏదో రాయబోయిన. అకౌంటు లేదు. బర్రె బొమ్మ పోయి తెల్లటి గుండ్రం వచ్చింది.

అన్నం తినక, షాపుకు పోక, మంచంల పడి ఏడ్చిన. మా ఆయన అడిగి అడిగి నోట్ల నుంచి మాట గుంజిండు. అంతా విన్నంక, "ఆవిడ చెప్పొద్దని అన్నారా?" అన్నడు. ఔనన్న.  లేసి బయటికి పోయిండు. ఆయన నన్ను తిట్టినా బాగుండు.

మల్ల నెల కోసం ఎదురు చూసిన. దవాఖాన తీయకముందే పోయి, గేటు లోపట యాపచెట్టు కింద నిలవడ్డ. కాళ్ళ మీద పడ్త, కొడితె పడ్త, ఒక్కసారి మొకం చూపెడ్త అనుకున్న. బాపు బండి వచ్చింది. అమ్మను దింపిండు. నన్ను చూసిండు, చూడనట్టు చిట్టి రాపిచ్చే కిటికి దిక్కు పోయిండు. అక్కడ పెద్ద లైను ఉండె, ఆయన మా దిక్కు వీపు పెట్టి నిలవడ్డడు.

అమ్మ ఒక్కతే నా దిక్కు నడిసొచ్చింది, బల్ల నా వెనుకనే కద. మోచేతి మీద సెగ తగిలిన మచ్చ ఉండె, మంటల నుంచి దాన్ని తియ్యబోయినట్టున్నది.

"అమ్మా" అన్న.

నడక తగ్గింది. నాకు రెండడుగుల దూరంల ఉన్నది, చెయ్యి చాపితె అందుతది. అప్పుడు కొంగు తీసి, మొకం మీదికి గడ్డం దాంక గుంజుకున్నది. గుంజుకొని, నా ముందలకెల్లే పోయింది. బాపు ఇంకా కిటికి కాడనే ఉండె, ఆయన చూడలే, ఆయన చెప్పలే. ఆమెనే గుంజుకున్నది.